మొదటి మైకు కొనే పిల్లలకు ఈ సంగతులు కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియో పెట్టుకోవడం గురించి వచ్చిన కథనం చదివాను. రాసినవారు కష్టపడే రాశారు, కాదనను. కానీ అందులో వేసిన ధరల పట్టికతోనే నా పేచీ అంతా. పది వేల నుంచి మూడు లక్షల దాకా మైకులన్నిటినీ వరసగా పేర్చి, ఎంత పెట్టగలిగితే అంత మంచి పాట వస్తుందన్నట్టు రాశారు. గొంతుకి కండెన్సర్ అనే స్టూడియో రకం మైకే, వేరే మాట లేదన్నారు. పాడేది ఎవరు, ఏ గదిలో పాడతారు, పక్కన మోగేది వీణా డప్పా అన్న ప్రశ్నలు మాత్రం ఎక్కడా లేవు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తున్నారు, ‘ఇందులో ఏది కొనమంటారు సార్’ అంటూ. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. మీరు కత్తిరించుకున్నా పర్వాలేదు గానీ వీణ గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నాకు రాజమండ్రిలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. భక్తి పాటలు, జానపదాలు, హరికథలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, ఏది వస్తే అది చేస్తాం. స్టూడియోవాడు కదా, ఇంట్లో రికార్డింగ్ వద్దనే అంటాడు అనుకోకండి. ఇంట్లో పాడి ఫైలు పంపించి మిక్సింగ్ చేసిపెట్టమనేవాళ్ళ పుణ్యమా అనే ఇవాళ నా కరెంటు బిల్లు కట్టగలుగుతున్నాను. ఆ ఫైళ్ళు వింటే ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. గొంతు వెనకాల ఫ్యాను తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కరు కూస్తుంది, వీధిలో కూరగాయల బండివాడు స్పీకరు పెట్టి అరిపిస్తుంటాడు, అన్నిటికీ మించి గోడకి కొట్టుకుని తిరిగొచ్చే మోత. మైకేమో ముప్పై వేలది. దానికి నాన్న ఈఎంఐ కడుతుంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పూర్వం, ఇప్పుడు పాట సరిగ్గా రాకపోతే మైకు ఓడు, ఇంకా ఖరీదైంది కొందాం అంటున్నారు.

గొంతుకి కండెన్సరే అన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. పెద్ద స్టూడియోల ఫొటోల్లో కనపడేవి అవే. జర్మన్ కంపెనీ నాయ్‌మన్ వాళ్ళ యు 87 మైకు 1967లో వచ్చింది, ఇప్పటికీ చాలా స్టూడియోల్లో దానిదే పెద్దరికం. మంచి మైకే, అనుమానం లేదు. అయితే ఆ ఫొటోలో మైకు కనపడుతుంది గానీ దాని చుట్టూ ఉన్న గది కనపడదు. ఆ గదికి గోడ లోపల ఇంకో గోడ ఉంటుంది, రాక్‌వూల్ నింపి పైన గుడ్డ బిగించి ఉంటుంది, ఏసీ గాలి హోరు లోపలికి రాకుండా డక్టుని వెడల్పుగా, మెలికలు తిప్పి వేసి ఉంటారు. గదికి పెట్టిన డబ్బు ముందు మైకు ఖరీదు చిల్లర కిందే లెక్క. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘రేడియోలో విన్న గొంతే గొంతు’ అంటారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, అక్కడి భక్తిరంజని వింటూ పెరిగిన తరం వాళ్ళది. ఆ గొంతులు అంత నిండుగా వినపడ్డాయంటే స్టూడియో గోడలకి బిగించిన చిల్లుల బోర్డులూ, మైకుకి ఎంత దూరంలో కూర్చోబెట్టాలో తెలిసిన ఇంజనీర్లూ కారణం. మైకు పాత్ర ఆ తర్వాతే.

కండెన్సర్ మైకులో బంగారు పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, వెంట్రుక కంటే చాలా పల్చన. దాని వెనక ఒక లోహపు పలక. గొంతుకి ఆ పొర కదిలినప్పుడల్లా రెండిటి మధ్య దూరం మారుతుంది, దాన్నే కరెంటు సిగ్నల్‌గా మారుస్తారు. దానికోసం 48 వోల్టులు అదే కేబుల్లోంచి పంపాలి, ఫాంటమ్ పవర్ అనేది ఇదే. డైనమిక్ మైకులో పొరకి సన్నటి తీగచుట్ట అంటించి అయస్కాంతం మధ్యలో ఉంచుతారు. తీగచుట్టతో ఆ పొర బరువు ఎక్కువ కాబట్టి చురుకు కాస్త తక్కువ, కానీ మొండిది, కిందపడినా పనిచేస్తుంది. ఇంతవరకూ మీ కథనంలోనూ ఉంది.

లేనిది దూరం సంగతి. డైనమిక్ మైకు గది మోతని పట్టుకోదని చాలామంది చెబుతుంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. రెండు మైకులూ ముందు వైపే వినే రకం అయితే, రెండిటినీ ఒకే దూరంలో పెట్టి ఒకే లెవెల్‌కి తెస్తే, గది రెండిట్లోనూ దాదాపు అంతే వినపడుతుంది. తేడా ఎక్కడంటే, డైనమిక్ మైకుని మూతి దగ్గర పెట్టుకుని పాడొచ్చు, అది పుట్టిందే అందుకు. కండెన్సర్‌ని అంత దగ్గర పెడితే ఊపిరి, పెదాల తడి చప్పుడు, ‘స’ల కోత అన్నీ పెద్దవైపోతాయి, అందుకని అడుగు దూరం జరుగుతారు. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి వచ్చే శబ్దం మైకు దగ్గర సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) పడిపోతుంది, గోడల మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఏడెనిమిది సెంటీమీటర్ల నుంచి ముప్పైకి జరిగారంటే రెండుసార్లు రెట్టింపు, అంటే గొంతుకీ గదికీ మధ్య ఉన్న తేడాలో 12 డెసిబెల్స్ పోగొట్టుకున్నట్టే. ట్రీట్‌మెంట్ చేసిన, అంటే గోడలకి మోత మింగే ఏర్పాట్లున్న గదిలో ఆ నష్టం తెలియదు. టైల్స్ నేల, సిమెంటు గోడలు, గాజు కిటికీ, ఇనప బీరువా ఉన్న మన పడగ్గదిలో బాత్రూములో పాడినట్టు తెలుస్తుంది.

గది గురించి ఇంకో ముక్క. చాలామంది ఇంట్లో చిన్న గదిని వోకల్ బూత్ (గొంతు రికార్డు చేసే గది) చేసుకుంటున్నారు, అది తరచుగా ఎనిమిదడుగులు బై ఎనిమిదడుగులు. ఎనిమిదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య గాలి 70 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 140 దగ్గర ఇంకోసారి ప్రత్యేకంగా మోగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగ గొంతు ఆధార షడ్జం, అంటే ‘స’, 138, 139 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇక చెప్పేదేముంది, షడ్జం మీద వాలినప్పుడల్లా గది కూడా తోడు పాడుతుంది. పైగా నాలుగు గోడలూ సమాన దూరం కాబట్టి రెండు వైపుల నుంచీ అదే పోటు, గదికి సరిగ్గా మధ్యలో నిలబడితే మరీనూ. దానికి మూడు లక్షల మైకు పెట్టినా ఆ గుమ్ము పోదు, ఇంకా స్పష్టంగా వినపడుతుంది, అంతే. మధ్యలోంచి కాస్త పక్కకి జరిగి పాడితే సగం బాధ తీరుతుంది. జరగడానికి డబ్బులేమీ అక్కర్లేదు.

మీ కథనంలో ఫోమ్ ముక్కలు మైకు వెనకాల గోడకి అంటించిన ఫొటో ఒకటి వేశారు. అక్కడ అంటిస్తే ఉపయోగం తక్కువ. కార్డియాయిడ్ రకం మైకుకి వెనక వైపు చెవి ఉండదు, అది చూసేది పాడేవాళ్ళ వైపు, వాళ్ళ వీపు వెనక ఉన్న గోడ వైపు. కాబట్టి దుప్పట్లు, బొంతలు కట్టాల్సింది పాడేవాళ్ళ వీపు వెనకాల, వీలైతే రెండు పక్కలా. పాత దూది పరుపు నిలబెట్టినా చాలు, అంగుళం మందం ఫోమ్ కంటే అదే నయం. ఇక కోడిగుడ్ల అట్టలు. వాటిని గోడల నిండా అంటించి ‘సౌండ్‌ప్రూఫ్ చేశాం సార్’ అని వీడియో పంపుతుంటారు. బయటి చప్పుడు ఆపే శక్తి వాటికి లేదు, లోపలి గుమ్ముని మింగే శక్తీ లేదు, బొద్దింకలకి మాత్రం బాగుంటుంది.

ఇప్పుడు గొంతుల సంగతి. చవక కండెన్సర్లు చాలావాటిలో ఒక చిక్కుంది, దాన్ని ఏ షాపువాడూ చెప్పడు. 1960లో వచ్చిన నాయ్‌మన్ యు 67లో వాడిన కె 67 అనే క్యాప్సూల్ (పొరా, దాని వెనక పలకా ఉండే భాగం) నమూనానే వాళ్ళంతా కాపీ కొట్టారు. ఆ క్యాప్సూల్ పై స్థాయి శబ్దాలని ఎక్కువ చేసి ఇస్తుంది, అసలు మైకులో దాన్ని మళ్ళీ తగ్గించే సర్క్యూటు ఉంటుంది. కాపీవాళ్ళు క్యాప్సూల్ తీసుకుని సర్క్యూటు వదిలేస్తారు. కొన్నవాడు మొదటిసారి విని ‘అబ్బ, ఎంత క్లారిటీ’ అంటాడు, పాట నాలుగు చరణాలు విన్నాక ‘స’, ‘శ’, ‘చ’ వచ్చిన చోటల్లా చెవిలో గుచ్చుకుంటుంటే తల నొప్పెడుతుంది. మన పాటల్లో ఆ అక్షరాలకి కరువు లేదు కదా. కొత్తగా వచ్చినవాళ్ళని నేను ముందు పాడమనను, ‘సీసాలో సగం పసుపు, సంచిలో సగం పసుపు’ అని మామూలుగా మాట్లాడించి రికార్డు చేస్తాను. సన్నటి గొంతున్న ఆడపిల్లలకి ఆ వాక్యంతోనే మైకు సంగతి తేలిపోతుంది. ఒక అమ్మాయి ఇంటి నుంచి తన కండెన్సరే తెచ్చుకుంది, దాంతో చదివించాం, తర్వాత నా దగ్గరున్న మామూలు డైనమిక్‌తో చదివించాం, ఏది ఏదో చెప్పకుండా వాళ్ళమ్మగారికి వినిపించాం. ఆవిడ రెండోదే మా పిల్ల గొంతులా ఉందన్నారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది, కానీ ఆల్బమ్ రెండోదాంతోనే అయింది.

అలాగని కండెన్సర్ పనికిరాదని నేను అనడం లేదు. మెత్తగా, లోగొంతుతో పాడేవాళ్ళకి, కాస్త బొంగురుదనం ఉండి పై స్థాయి మెరుపు తక్కువున్న మగ గొంతుకి మంచి కండెన్సర్ ప్రాణం పోస్తుంది. కర్ణాటక సంగీతం పాడేవాళ్ళు మూతికి మైకు తగిలించుకుని పాడలేరు కూడా, గమకం వేస్తున్నప్పుడు తల కదులుతుంది, సంగతికి తగ్గట్టు నోరు తెరుచుకుంటుంది, ముడుచుకుంటుంది. దగ్గరి మైకు ముందు ఆ కదలికంతా లెవెల్ తేడాలుగా పడుతుంది. వాళ్ళని అడుగున్నర దూరంలో కూర్చోబెట్టాలి, దూరం పెట్టాలంటే గది బాగుండాలి. అక్కడ మంచి గదీ మంచి కండెన్సరూ రెండూ కావాలి, ఒకటుండి ఒకటి లేకపోతే లాభం లేదు. తొడ మీద వేసే తాళం కూడా మైకులో పడుతుంది, మెత్తటి తుండు ఒకటి మడిచి వేసుకోమనండి. శ్రుతి బాక్సు హెడ్‌ఫోన్లో వినమనండి, గదిలో మోగిస్తే గొంతుతో పాటు ట్రాక్‌లోకి వచ్చేస్తుంది, తర్వాత ఎవరూ విడదీయలేరు.

ఆరుబయట ఊరు ఊరంతా వినపడేలా పాడిన జానపద గాయకులది వేరే కథ. వాళ్ళు పల్లవి ఎత్తుకుంటే కండెన్సర్ మీటర్ ఎర్రబడుతుంది. నెమ్మదిగా పాడండి అంటే పాట చచ్చిపోతుంది. వాళ్ళకి షూర్ కంపెనీ డైనమిక్ మైకు ఎస్‌ఎం 58 ఇచ్చి చేత్తో పట్టుకోమంటే స్టేజీ మీదున్నట్టే పాడతారు, పాట నిలబడుతుంది. ఎస్‌ఎం 57 1965లో, 58 ఆ మరుసటి ఏడాది వచ్చాయి. 57నే అమెరికా అధ్యక్షుల ప్రసంగాల బల్ల మీద దశాబ్దాలుగా చూస్తున్నాం. రెండూ ఇవాళ పది వేలకి కాస్త అటూ ఇటూ దొరుకుతాయి. మీ పట్టికలో ఇవి ‘స్టేజీ మైకులు’ అన్న పేరుతో అట్టడుగున ఉన్నాయి. ట్రీట్‌మెంట్ లేని గదిలో మొదటి మైకు కొనే పిల్లవాడికి నేనైతే వీటిలో ఒకటే చెబుతాను, మిగిలిన డబ్బుతో బొంతలు, గట్టి స్టాండు, వెనక వైపు మూసి ఉండే హెడ్‌ఫోన్లు కొనుక్కోమంటాను.

‘ప’, ‘ఫ’, ‘భ’ దగ్గర గాలి దెబ్బ తగిలే బాధ ఏ మైకుకైనా ఉంది. ఆ గాలిని ఆపే పాప్ ఫిల్టర్ కొనలేకపోతే ఎంబ్రాయిడరీ కుట్టే గుండ్రటి రింగులో పాత నైలాన్ సాక్సు బిగించి మైకుకి నాలుగు వేళ్ళ ముందు పెట్టండి. మైకుని నోటికి ఎదురుగా కాకుండా ముక్కు ఎత్తులో, కొంచెం పక్కగా పెట్టినా గాలి కింద నుంచి పోతుంది. మగపిల్లలకి ఇంకో సరదా ఉంటుంది, మైకుకి అతుక్కుపోయి పాడితే గొంతు బరువుగా, బేస్‌గా వినపడుతుందని. హెడ్‌ఫోన్లో బాగానే ఉంటుంది, పాటలో తబలా, బేస్ గిటార్ కలిశాక మాటలు బురదలో కూరుకుపోతాయి.

వీణ దగ్గరికి వస్తాను, అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టిందే దానికోసం. మీ కథనంలో వాద్యాలకి ఎస్‌ఎం 57 అని ఒక్క మాటలో తేల్చేశారు. గిటార్ యాంప్‌కి అది దేవుడే. వీణకి కాదు. వీణ నాదం చాలా చిన్నది. డైనమిక్ మైకుకి ఆ చిన్న నాదం అందాలంటే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మీట) బాగా పైకి లాగాలి, లాగితే మైకుని కంప్యూటరుకి కలిపే చవక ఇంటర్‌ఫేస్‌లో సుయ్‌మని హిస్ మొదలవుతుంది. తీగ మీటి, దాన్ని లాగి గమకం సాగదీసి, నాదం సన్నగిల్లుతున్న చోటే వీణ అందమంతా ఉంటుంది. సరిగ్గా అక్కడే హిస్ పైకి తేలుతుంది. అందుకని వీణకి మైకు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది బ్రాండు కాదు, దాని సొంత హిస్ ఎంత అన్నది. డబ్బా మీద సెల్ఫ్ నాయిస్ అని రాసి ఉంటుంది. రోడ్ కంపెనీ ఎన్‌టీ1-ఏ అనే మైకుకి అది 5 డెసిబెల్స్ మాత్రమే, ఎంతో ఖరీదైన నాయ్‌మన్ కేఎం 184కి 13. దానర్థం రోడ్ గొప్పది, నాయ్‌మన్ తక్కువది అని కాదు, 184 లాంటి చిన్న పొరున్న మైకులకి హిస్ కాస్త ఎక్కువే ఉంటుంది, దానికి బదులు అవి పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని కూడా రంగు మారకుండా ఇస్తాయి. నిశ్శబ్దమైన గదిలో ఒంటరి వీణ రికార్డు చేస్తుంటే హిస్ తక్కువున్నదే గెలుస్తుంది, పక్కన మృదంగం ఉంటే ఆ తేడా ఎవరికీ వినపడదు.

మైకు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బొబ్బిలి వీణ చూసే ఉంటారు, పనస దుంగని తొలిచి చేస్తారు, ఒకే దుంగలోంచి వచ్చిన ఏకాండి వీణకి గొప్ప పేరు. నాదం ఒక్క చోట నుంచి రాదు. కుండ పైపలక నుంచి వస్తుంది, తీగలు ఆనుకునే గుర్రం దగ్గర తీగ గలగల వస్తుంది, మైనం మీద నిలబెట్టిన 24 మెట్ల మీద వేలు జారిన చప్పుడు వస్తుంది, మీటేచోట గోరు చప్పుడు ఉండనే ఉంది. గుర్రానికి అంటించే చిన్న మైకు, కాంటాక్ట్ పికప్, కచేరీకి సదుపాయమే, రికార్డింగ్‌లో దాంట్లో తీగ ఉంటుంది గానీ చెక్క ఉండదు. కుండకి మరీ దగ్గరగా మైకు పెడితే గుమ్‌గుమ్ తప్ప ఇంకేమీ రాదు, మీటే చేతికి ఎదురుగా పెడితే టిక్కు టిక్కు. నా చేతికి బాగా వచ్చిన చోటు, కుండకి అడుగు, అడుగున్నర ఎడంగా, కాస్త పైనుంచి, గుర్రానికీ చివరి మెట్లకీ మధ్యకి చూసేలా. అక్కణ్ణుంచి నాలుగు వేళ్ళు జరిపితే నాదం మారిపోతుంది, కాబట్టి వాయిస్తున్నప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టాండు జరుపుతూ వినడమే దారి. విద్వాంసులు కింద కూర్చుంటారు, కింద టైల్స్ ఉంటే అక్కణ్ణుంచి ఎగిరొచ్చిన శబ్దం అసలుదాంతో కలిసి నాదాన్ని బోలుగా చేస్తుంది. తివాచీ గానీ మందపాటి జంపఖానా గానీ తప్పనిసరి. పొట్టి స్టాండు కూడా అడిగి కొనుక్కోండి, మామూలు స్టాండుని వంచి అంత కిందకి తెస్తే ఎప్పుడో ఒకప్పుడు వీణ మీదే పడుతుంది.

మృదంగానికి రెండు మైకులు పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. వలంతల (కుడి వైపు) మీద దెబ్బ పడితే ఆ చర్మం లోపలికి వెళ్తుంది, లోపలి గాలి తోయడం వల్ల తొప్పి (ఎడమ) వైపు చర్మం బయటికి వస్తుంది. అంటే ఒక మైకు లాగినప్పుడు ఇంకోటి తోస్తుంది. రెండిటినీ అలాగే కలిపితే తొప్పి గుంకారం సగం ఆవిరైపోతుంది. సాఫ్ట్‌వేర్లో ఒక ట్రాక్‌కి ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తిరగేసేది) నొక్కి వినండి, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. రవ్వ పూసిన ఆ తొప్పి నాదం కోసం ఎంత తంటాలు పడతారో వాయించేవాళ్ళని అడగండి, మనం ఒక్క బటన్ నొక్కడానికి బద్ధకిస్తే ఎలా. మంచి గది ఉంటే మాత్రం రెండడుగుల దూరంలో మధ్యలో ఒక్క మైకే చాలు, వాయించేవారి చేతిలోనే బ్యాలెన్స్ ఉంటుంది.

సన్నాయికి చాలామంది మైకుని అనసు, అంటే గరాటులా ఉండే చివర ముందే పెడతారు, నోరు అదే కదా అని. నాదం చాలావరకు తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి వస్తుంది, అందుకని అనసు దగ్గర మైకు పెడితే ఒక్కో స్వరం ఒక్కో లెవెల్లో పడుతుంది. మూడడుగుల దూరంలో, కొంచెం పైనుంచి, వేళ్ళ వైపు చూసేలా పెట్టండి, మైకు మీద లెవెల్ తగ్గించే మైనస్ 10 ప్యాడ్ స్విచ్ ఉంటే వెయ్యండి. వేణువుకి కూడా అంతే, ఊదే రంధ్రానికి ఎదురుగా పెడితే గాలి తప్ప పాట రాదు. డప్పుకి ఎస్‌ఎం 57, అడుగు దూరం, అంతకంటే ఆలోచించక్కర్లేదు. సిర్ర (లావు పుల్ల) దెబ్బా చిటికెన పుల్ల (సన్న పుల్ల) చప్పుడూ రెండూ విడిగా తెలియాలంటే మాత్రం మైకుని అంచు వైపు వంచాలి. మంట కాచి తెచ్చిన డప్పుని ఏసీ గదిలో గంటసేపు కూర్చోబెట్టి అప్పుడు టేక్ అంటే వాయించేవాళ్ళకి కోపం రావడం న్యాయమే, అన్నీ సిద్ధం చేసుకున్నాకే కాచుకు రమ్మనాలి.

కొనుగోళ్ళ దగ్గరికి వస్తే, ఇప్పుడు కుర్రాళ్ళందరికీ షూర్ వాళ్ళ ఇంకో డైనమిక్ మైకు ఎస్‌ఎం 7బీ పిచ్చి పట్టింది, పాడ్‌కాస్టుల్లో చూసి. అది మంచి మైకే, కానీ దాని సిగ్నల్ చాలా బలహీనం, దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. నాలుగైదు వేల ఇంటర్‌ఫేస్ అంత శుభ్రంగా ఇవ్వలేదు. మైకు కొన్నాక హిస్ వస్తోందని మళ్ళీ బూస్టర్ కొంటారు, మూలిగే నక్క మీద తాటిపండు. యూఎస్‌బీ మైకుల విషయంలో నా మాట ఒక్కటే, మాటలకి సరే, పాటకి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్గుతో ఇంటర్‌ఫేస్‌కి తగిలించే రకం) తీసుకోండి, రేపు ఇంటర్‌ఫేస్ మార్చినా మైకు ఉంటుంది, మృదంగానికి రెండోది కలపాలన్నా వీలుంటుంది.

నకిలీలు ఇంకో బెడద. ఎస్‌ఎం 58 పేరుతో వస్తున్న నకిలీలు ఎన్నో, షూర్ కంపెనీయే వీటి గురించి హెచ్చరిస్తూ ఉంటుంది. మా దగ్గరికి డోలక్ వాయించే కుర్రాడొకడు సగం ధరకి దొరికిందని ఒకటి పట్టుకొచ్చాడు. డబ్బా, సంచి, స్టిక్కర్లు అన్నీ ఉన్నాయి. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది, అసలుది 298 గ్రాములుంటుంది. పాడిస్తే డబ్బాలోంచి వచ్చినట్టుంది. అమ్మిన షాపుకి తీసుకెళ్తే బిల్లు లేదు కాబట్టి మాకు సంబంధం లేదన్నాడు. బిల్లు అడిగితే పన్ను కలుస్తుందని బెదిరించి బిల్లు లేకుండా అమ్మిందీ ఆ షాపతనే. ఏ షాపు అని రాయను, ఒక్కడే అయితే రాసేవాణ్ణి. కిరాణా కొట్టు కాటాలో తూకం వేయించి, బిల్లు చేతిలో పడ్డాకే డబ్బులివ్వమని మీ పాఠకులకి చెప్పండి.

షాపులతో నాకున్న అసలు పేచీ ఇది. చెప్పులు కొనేటప్పుడు వేసుకుని నాలుగడుగులు వేసి చూస్తాం. ముప్పై వేల మైకుని మాత్రం గాజు అద్దం వెనక చూసి కొనాలి. ‘సీల్ తీస్తే మీరే కొనాలి’ అంటారు. డెమో పీసులు నాలుగు, ఒక ఇంటర్‌ఫేస్, ఒక జత హెడ్‌ఫోన్లు కౌంటర్ మీద పెడితే వాళ్ళకేం పోతుంది? అది జరిగేదాకా పిల్లలకి నేను చెప్పేది, మీ ఊళ్ళో ఉన్న ఏదైనా స్టూడియోకి వెళ్ళి గంట అద్దె కట్టి, అక్కడున్న మైకులన్నిటి ముందు మీ గొంతుతో ఒకే చరణం పాడి ఫైళ్ళు తెచ్చుకోండి. ఇంటికొచ్చి, నాలుగు రోజులాగి, పేర్లు చూడకుండా వినండి. వీణ, వయొలిన్ లాంటివాటికి ఏడాదికి ఒకసారి రికార్డింగ్ ఉంటే మంచి కండెన్సర్ కొనక్కర్లేదు, అద్దెకిచ్చేవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు, విజయవాడలోనూ అడిగితే దొరుకుతాయి.

సంగీత కళాశాలల వాళ్ళకి కూడా మీ పత్రిక ద్వారా ఒక మనవి. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. మైకు లేకుండానే హరికథ చెప్పి వేల మందిని కూర్చోబెట్టిన కాలం అది. ఇప్పటి విద్యార్థి కాలేజీ దాటిన రోజు నుంచీ మైకు ముందే బతకాలి, కచేరీ అయినా రికార్డింగ్ అయినా ఆన్‌లైన్ పాఠం అయినా. నాలుగేళ్ళు గమకాలు నేర్పినవాళ్ళు మైకు ముందు ఎలా కూర్చోవాలో వారానికి ఒక గంట నేర్పలేరా? దానికి స్టూడియో కట్టక్కర్లేదు. రెండు రకాల మైకులు, ఒక కంప్యూటరు, దుప్పట్లు కట్టిన గది ఉంటే చాలు. అలా నేర్చుకున్న వీణ విద్వాంసురాలు ఒకరు వచ్చారు నా దగ్గరికి, చెన్నైలో ఎక్కడో నేర్చుకున్నారట. వస్తూనే ‘కుండకి ఎదురుగా వద్దు, కొంచెం పైనుంచి పెట్టండి’ అన్నారు. నా పని సగం తగ్గింది.

చివరిగా, మీ కథనంలో ఒక బాక్సులో ‘ఏ మైకు పెట్టినా ఫాంటమ్ పవర్ ఆన్‌లోనే ఉంచండి, నష్టం లేదు’ అని వేశారు. దీనికి దయచేసి సవరణ వేయండి. మామూలు డైనమిక్ మైకుకి సాధారణంగా ఏమీ కాదు, నిజమే. పాత రిబ్బన్ మైకులకి అవుతుంది. వాటిలో ఉండేది అతి పల్చటి అల్యూమినియం రిబ్బన్. కేబుల్ లోపల వైరింగ్ తప్పుగా ఉన్నా, పవర్ ఆన్‌లో ఉండగా ప్లగ్గు గుచ్చినా ఆ 48 వోల్టుల దెబ్బకి రిబ్బన్ సాగిపోవచ్చు, తెగిపోనూ వచ్చు. పాత స్టూడియోలు మూసేసినప్పుడు అలాంటి మైకులు తక్కువ ధరకి పిల్లల చేతుల్లోకి వస్తున్నాయి. మీ బాక్సు చదివి ఎవరైనా స్విచ్ వేసేలోపే ఈ ఆదివారం ఆ సవరణ వస్తే బాగుంటుంది. కండెన్సర్ కొన్నవాళ్ళ కోసం అదే బాక్సులో ఇంకో లైనుకి చోటుంటే, వానాకాలంలో మన గోదావరి జిల్లాల తేమకి మైకు చిటపటమంటుంది, పని అయ్యాక దాన్ని స్టాండు మీద వదిలేయకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టి మూత బిగించుకోమని రాయండి.

ఇట్లు,
ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో నిర్వాహకుడు,
రాజమహేంద్రవరం.